మాట వినే ఫోను

"మాట్లాడే ఫోన్లు బోలెడున్నాయి మేడమ్,
మాట వినేది అడుగుతున్నారు మీరు"
అన్నాడు డాబాగార్డెన్స్ సందులో సత్తార్,
పెదాల మధ్య చిన్న స్క్రూ పెట్టుకుని.

అప్పటికి నాలుగు ఆదివారాలయ్యాయి.
జగదాంబ దగ్గర అద్దాల షాపువాడు
బాబు బర్త్‌డేకా అని అడిగాడు.
గాజువాకలో ఒకడు వాయిదాల మీద ఇస్తానన్నాడు.
బటన్ ఫోనే, కానీ నేను రాసింది
దాని లోపలికి వెళ్ళాలి అంటే
"లోపలికి సిమ్ము వెళ్తుంది మేడమ్" అన్నాడు
పూర్ణా మార్కెట్ వెనక కుర్రాడు, నిజాయితీగా.

కొత్తవన్నీ తాళం వేసి అమ్ముతారు.
డబ్బు మనది, బీరువా మనది,
తాళంచెవి మాత్రం వడ్రంగి జేబులో.
షిప్‌యార్డులో ఇరవై రెండేళ్ళుగా
ఓడల కరెంటు తీగలు విప్పి కలిపిన చేతులివి.
అరచేతంత డబ్బా విప్పకూడదంటే
దురద పుడుతుంది.

సత్తార్ బల్ల కిందనుంచి బిస్కట్ డబ్బా లాగాడు.
చచ్చిన ఫోన్ల ఎముకలు, కిలో లెక్కన కొన్నవి.
మూడు ఏరుకున్నాను, రెండొందలు.
ఒకటి ఉప్పుగాలి తిని పచ్చగా పాచిపట్టింది.
ఒకటి వేడెక్కి, ఇంకా వేడెక్కి, ఊరుకుంది.
మూడోదాని బ్యాటరీ కింద
ఆవగింజలంత నాలుగు రాగి చుక్కలు.
ఫ్యాక్టరీలో ఎవరో పరీక్షకని తెరిచి
మూయడం మరిచిన దొడ్డిగుమ్మం.

మల్కాపురంలో మా వంటగట్టు మీద
కుక్కరు పక్కన కూర్చోబెట్టి
నాలుగు తీగలు అతికి పలకరించాను.
పలకలేదు.
వేగం మార్చి మళ్ళీ పలకరించాను.
పదకొండు రాత్రులు.
పన్నెండో రాత్రి, పాలు పొంగిపోతుండగా,
అటునుంచి ఒకే ఒక్క గుర్తు వచ్చింది.
ప్రశ్నార్థకం.
పాలు పోతే పోయాయి.
అడగడం వచ్చినదానికి చెప్పడం ఎంతసేపు.

ఇదంతా నూకరత్నం కోసం.
తెల్లారకముందే ఫిషింగ్ హార్బరులో
వేలం గుంపులోకి మోచేతులతో దూరే మనిషి.
అక్షరాలు రావు. ఫోను మోగితే
"ఎవులూ" అని జెట్టీ అంతా వినపడేట్టు అరుస్తుంది.
సీతమ్మధార డాక్టరమ్మని వడ్డీ వ్యాపారి అనుకుని
ఒకసారి కడిగేసింది కూడా.
పేర్లు కాదు, ఎవరేం కొంటారో అది గుర్తు ఆమెకి.
డాక్టరమ్మ చందువా. మెస్సు మేనేజరు కానాగంత.
ఐసు ఫ్యాక్టరీవాడు ఏమీ కొనడు,
వాడు ఐసుగడ్డ.

ఎనభై నాలుగు చుక్కల వెడల్పు,
నలభై ఎనిమిది చుక్కల ఎత్తు.
అంతే సముద్రం నాకిచ్చింది.
గళ్ళ నోటుబుక్కులో పెన్సిలుతో చేపలు గీసి
గడికొక ఒకటో సున్నానో చేసి లోపలికి వదిలాను.

"ఇదేటి, వంజరమా? మచ్చలేవీ?"
తడిచేత్తో తెర తుడిచి మళ్ళీ చూసింది.
"మచ్చల్లేని వంజరాన్ని ఎవుడు నమ్ముతాడే?"
ఇంటికొచ్చి ఆరు మచ్చలు పెట్టాను.
నెత్తళ్ళు మాత్రం ఎన్నిసార్లు గీసినా
పిన్నీసుల్లాగే వచ్చాయి.
"ఒగ్గేయ్, తెలుస్తాదిలే" అంది.

బ్యాటరీ తీస్తే అది ఇప్పటికీ
రెండువేల సంవత్సరం జనవరి ఒకటికి పారిపోతుంది.
ఎందుకో నాకు దొరకలేదు.
నూకరత్నానికి పట్టింపు లేదు,
తారీకు చూసి వలలో పడతాయేటి అంటుంది.

చివర్న అడిగాను,
నేను చేస్తే ఏ చేప రావాలి అని.
బేరం తెగని సరుకుని చూసినట్టు
పైనించి కిందిదాకా చూసింది.
"నువ్వెప్పుడు కొన్నావే?
నీకేటీ వొద్దు. కాళీగా ఒగ్గేయ్.
మోగుతూ ఏటీ రాకపోతే
నువ్వేనని తెలిసిపోద్ది."

నిన్న వానలో గేటు దగ్గర నిలబడి ఫోను చేశాను.
ఆమె దూరంగా, బుట్టల మధ్య,
రొంటిన దోపిన సంచిలోంచి తీసి
ఏమీ లేని తెరని చూసుకుని
ఎత్తకముందే
నన్ను తిట్టడం మొదలెట్టింది.